అమ్మ తిన్న ముద్ద

మా ఇంట్లో చేపల పులుసుకి ఉప్పు చూసే పని నాది. వండేది అమ్మే. ముక్కలు కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి, చింతపండు రసం పోసి, దాక పొయ్యి మీదకెక్కిస్తుంది. ఉడుకు పట్టాక ఆవిరికేసి ఒకసారి వంగి, "ఇదిగో, చూడవే" అని గరిటెతో కాస్త నా అరచేతిలో పోస్తుంది. సరిపోలేదని చెప్పాల్సి రావడం చాలా అరుదు. అమ్మ వాసనతోనే ఉప్పు పట్టేస్తుంది. పులుసు వాసన అంత బాగా తెలిసిన ఆ మనిషి పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క ముక్క మింగి ఎరగదు.

నాన్నవాళ్ళది మొగల్తూరు దగ్గర సముద్రపొడ్డున వేటకి వెళ్ళే కుటుంబం. కాలవలు వచ్చాక తాత వల వదిలేసి ధాన్యం పడవ ఎక్కాడు. ఆయన రోజుల్లోనే మావాళ్ళు క్రైస్తవులయ్యారు. నాన్నదీ ఆ పడవ పనే. అమ్మ పాలకొల్లులో దుకాణదారుల ఇంటి పిల్ల. ఆ ఇంట్లో తరతరాలుగా నీసు ముట్టరు. ఊహ తెలియకముందే ఆవిడకి పెళ్ళి చేశారు. ఊహ తెలిసేసరికి ఆ భర్త లేడు. ఇంట్లో ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పడానికి వచ్చే దొరసానిగారి దగ్గర విన్న ప్రభువు మాటలు మనసులో పెట్టుకుని, ఒకరోజు తెల్లవారుతూనే కట్టుబట్టలతో ఆవిడ దగ్గరికి నడిచి వచ్చేసింది. వాళ్ళవాళ్ళు ఆవిడ బతికుండగానే నీళ్ళు వదిలేశారు. తరవాత కొన్నాళ్ళకి సంఘం పెద్దలే దగ్గరుండి నాన్నకిచ్చి పెళ్ళి చేశారు.

ఇదంతా అమ్మ నన్ను కూచోబెట్టి చెప్పిన కథ కాదు. బియ్యం ఏరుతూ ఒక మాట, తల దువ్వుతూ ఒక మాట అంది. నేను మాటలు తక్కువ మనిషిని కాబట్టి విన్నవి మర్చిపోను. రాసుకునే అలవాటు కూడా ఉంది. ఈ సంగతి మాత్రం అమ్మ గురించి గర్వంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా సంఘంలో కోతలయ్యాక ప్రేమవిందు అని ఒకటి జరుగుతుంది. కాలవ గట్టు మీదున్న తాటాకుల ప్రార్థన పాకలో అందరం చాపల మీద వరసలుగా కూచుంటాం. మేకమాంసం కూర కలిపిన అన్నం ఒకే పెద్ద ఇత్తడి పళ్ళెంలో పెట్టి, ముందు వరస నుంచి వెనక్కి పంపుతారు. ప్రతివాళ్ళూ అందులోంచి ఒక్క ముద్ద తీసుకోవాలి. కులం వదిలేశామనడానికి అది గుర్తు. ముద్ద అయ్యాకే ప్రభువు పేర రొట్టె విరుస్తారు. అమ్మ చేరిన కొత్తలో అప్పట్లో మాకు వాక్యం చెప్పే ఉపదేశిగారు, ఆయన ముసలివారు, పళ్ళెం అంచున కాస్త తెల్లన్నం ఉంచి, "నీకిది చాలమ్మా, పళ్ళెం ఒకటే కదా" అన్నారట. అప్పట్నుంచీ అమ్మ ఆ తెల్లన్నమే తింటోంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ముసలాయన పోయాక రాజమండ్రి వైపు నుంచి కొత్త ఉపదేశిగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఎక్కడికి వెళ్ళినా చేతిలో రాగి చెంబు ఉంటుంది. ఆయనా అమ్మలాంటి ఇంట్లోంచే వచ్చారు. బాప్తిస్మం పొందిన రోజు అందరి ముందూ మాంసం తిని, పెరట్లోకి వెళ్ళి కక్కుకుని, మళ్ళీ వచ్చి కూచుని తిన్నానని ప్రసంగాల్లో చెప్పేవారు. చెప్పినప్పుడల్లా కళ్ళు చెమర్చేవి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు. తాను దేవుడికి ఇచ్చిన వాటిలో అన్నిటికంటే బరువైనది అదేనని ఆయన నమ్మకం.

ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆడా మగా కలిసి కూచుని తినడం మాకు పాత ఉపదేశిగారు నేర్పిన అలవాటు. అందుకని అమ్మ విస్తరి ఆయనకి ఎదురుగానే ఉంది. అందులో పప్పూ మాగాయా ఉన్నాయి.

"నువ్వు పులుసు వేసుకోలేదేంటమ్మా?"

"నేను తిననండి."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. అలవాటు లేదు."

నాన్న అందుకున్నాడు. "ఆవిడ తినకపోబట్టేనండి తలకాయ నాకు దక్కుతోంది. మా కాపురం ఇంత చల్లగా సాగుతోందంటే కారణం అదే."

నేను నవ్వాపుకోలేక తల దించుకున్నాను. ఉపదేశిగారు నవ్వలేదు.

"తినడం పాపమనుకుంటున్నావా అమ్మా?"

"పాపమైతే వండి పెడతానాండీ?"

"మరెందుకు తినవు?"

"నోటికి పోదండి. అంతే."

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నోటికి పోకపోవడమే కులమమ్మా. కులం ఎక్కడుంటుందనుకున్నావు? జంధ్యంలోనో బొట్టులోనో ఉంటే తీసేసి ఊరుకునేవాళ్ళం. అది నోట్లోనే ఉంటుంది. నాకు తెలుసు, నా నోట్లోనూ ఉండేది. ఈసారి విందులో నువ్వు కూర కలిపిన ముద్ద తినాలి. అది తినలేకపోతే రొట్టెకి చెయ్యి చాపవద్దు."

కోపంగా అని ఉంటే నాన్న ఏదో ఒకటి అనేవాడు. ఆయన మెత్తగా, జాలిగా అన్నారు. 

అమ్మకి ఆ రొట్టె ఎంతటిదో నాకు తెలుసు. పుట్టింటివాళ్ళు ఆవిడని చచ్చిపోయినవాళ్ళలో కలిపేశారు. నాన్న తరపు ఆడవాళ్ళు మంచివాళ్ళే, అయినా చాలాకాలం "ఆ షావుకారు పిల్ల" అనే అనేవారు. రొట్టె పళ్ళెం దగ్గర మాత్రం ఆవిడ ఎవరి పిల్ల అని ఎవరూ అడగరు. మిగతా రోజుల్లో ఎంత నలిగిన చీర కట్టినా, రొట్టె విరిచే ఆదివారం మాత్రం అమ్మ ఉతికి మడత పెట్టిన తెల్ల చీర తీసేది.

ఆ వారమంతా అమ్మ ఎప్పటిలాగే వండింది, కడిగింది, అలికింది. మాట మాత్రం తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం పెరట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. అరిటి చెట్టు పట్టుకుని వంగి కక్కుకుంటోంది. వంటింట్లో పళ్ళెంలో సగం కొరికిన చేప ముక్క ఉంది. నన్ను చూసి మొహం కడుక్కుని, "ప్రయత్నించానే" అంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు.

ఆ సాయంత్రం వీధరుగు మీద చేట ముందు పెట్టుకుని కూచుని నన్ను పిలిచింది. అమ్మకి చదువు రాదు. నన్ను మాత్రం దొరసానిగారి బడికి పంపి చదివించింది. రోజూ సాయంత్రం నేను వేదపుస్తకం చదవడం, అమ్మ పని చేసుకుంటూ వినడం మాకు మామూలే. పక్కింటికి వినపడుతుందేమోనని నేను గొంతు బాగా తగ్గించి చదివేదాన్ని.

"తిండి గురించి ఎక్కడెక్కడ ఉందో అంతా చదువు" అంది. "నా పక్షాన ఉన్నవే ఏరకు. ఆయన పక్షాన ఉన్నవీ చదువు."

నాలుగైదు సాయంత్రాలు పట్టింది. సృష్టి మొదట్లో మనిషికి గింజలూ పళ్ళూ ఆహారంగా ఇచ్చినచోటు చదివాను. అమ్మ తలాడించింది. జలప్రళయం తరవాత నోవహుకి కదిలే ప్రాణులన్నీ కూరగా ఇచ్చినచోటు చదివితే, "అది ఆయన పక్షం, మీ నాన్న పక్షం కూడా" అంది. రాజుగారి భోజనం వద్దని కూరగాయలు తిన్న దానియేలు మీద అమ్మకి ముచ్చటేసింది. ప్రభువు తిరిగి లేచాక ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి శిష్యులకి పెట్టిన చోటికి వచ్చేసరికి నాన్న పడవ తాడు పేనడం ఆపి, "అదీ! చేపలు పట్టేవాళ్ళ దగ్గరికే వచ్చాడు, చేపలే పెట్టాడు" అన్నాడు. "పెట్టాడు. నేనూ పెడుతున్నానుగా" అంది అమ్మ.

చదివిన కొద్దీ నాకొక సంగతి తెలిసొచ్చింది. మాంసం తినడమే తప్పని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. తినకపోవడం తప్పనీ లేదు. పౌలు అయితే తినేవాడు తిననివాణ్ణి చులకన చెయ్యకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని స్పష్టంగా రాశాడు. అది చదివి సంబరంగా తలెత్తాను. అమ్మ మొహంలో మాత్రం సంబరం లేదు.

"బావుంది. కానీ ఆయన అన్నది అది కాదుగా. తినకపోవడం తప్పని అనలేదాయన. కులం వల్ల తినకపోవడం తప్పన్నాడు. ఇంకా చదువు."

మర్నాడు పేతురుకి దర్శనంలో దుప్పటి దిగిన కథ చదివాను. ఆకలిగా మేడ మీద ఉన్నప్పుడు ఆకాశంలోంచి దుప్పటి దిగడం, అందులో అన్ని రకాల జంతువులూ ఉండటం, లేచి చంపుకుని తినమనడం, తన వాళ్ళు తినకూడనివని పేతురు వద్దనడం, దేవుడు శుద్ధి చేసినదాన్ని నువ్వు కాదనకు అని జవాబు రావడం. ఇది ఉపదేశిగారికి ఇష్టమైన భాగం.

అమ్మ చేటలో చెయ్యి ఆపింది. "అప్పుడు తిన్నాడా?"

"ఎవరు?"

"పేతురు. ఆ దుప్పట్లోవి తిన్నాడా?"

నేను మళ్ళీ చూశాను. తిన్నాడని లేదు. దుప్పటి పైకి వెళ్ళిపోయింది. కింద గుమ్మంలో మనుషులు వచ్చి నిలబడ్డారు. పేతురు వాళ్ళతో బయలుదేరి, తనవాళ్ళు గడప తొక్కని పరాయివాడి ఇంటికి వెళ్ళాడు. అక్కడ ఉన్నాడు, వాళ్ళతో కలిసి భోజనం చేశాడని తరవాత అందరూ నిలదీశారు కూడా.

అమ్మ చేటలో బియ్యం ఒకపక్కకి తోసింది. తరవాత నెమ్మదిగా అంది. "అయితే దేవుడు ఆయనకి చెప్పింది కూర సంగతి కాదే. గడప సంగతి." మరికాసేపటికి, "కాలవ అవతల మామ్మ ఇంట్లో మనం ఎప్పుడైనా తిన్నామా?" అని అడిగింది.

కాలవ అవతల పేట ఉంది. ఊళ్ళో వాళ్ళు ముట్టుకోని జనం అక్కడుంటారు. మా సంఘంలో వెనక వరసలన్నీ వాళ్ళే. వాళ్ళలో పెద్దావిణ్ణి నేను మామ్మ అని, అమ్మ పెద్దమ్మ అని పిలుస్తాం. ఆవిడ మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చింది, మా పులుసు తింది. మేం వాళ్ళ ఇంటికి వెళ్ళాం, జ్వరాలొస్తే కూచున్నాం, ప్రార్థన చేశాం. తినడం మాత్రం ఎప్పుడూ లేదు. పెట్టమని మేం అడగలేదు, తినమని వాళ్ళూ అడగలేదు. పడవ మనిషి నాన్న కూడా తినలేదు. ప్రేమవిందు కూర వండేది కూడా ఎప్పుడూ మా వీధి వాళ్ళే. పళ్ళెం ముందు నుంచి వెనక్కి వెళుతుంది. వెనక నుంచి ముందుకు వచ్చిన రోజు ఒక్కటి కూడా లేదు.

"ఆయన చెప్పింది నిజమే" అంది అమ్మ. "ఉంది. నోట్లోనే ఉంది. కానీ చేపలో లేదు."

విందుకి ముందురోజు నన్ను వెంటబెట్టుకుని బల్లకట్టు దాటి పేటకి వెళ్ళింది. మామ్మ గుమ్మంలో కూచుని గోంగూర గిల్లుతోంది.

"పెద్దమ్మా, రేపు విందుకి నువ్వో కుండ కూర తేవాలి."

"నేనా? కూర మీ వీధివాళ్ళు వండుతారుగా."

"అది వాళ్ళకి. నీ కూర నాకు."

మామ్మ గోంగూర ఒళ్ళోంచి దించి అమ్మని ఎగాదిగా చూసింది. "చేప ముక్కే మింగలేని దానివి, నా కుండలోది మింగుతావా తల్లీ? అందరి ముందూ కక్కావంటే నా పరువు పోతుంది."

"కక్కితే నన్ను మళ్ళీ గడప ఎక్కనివ్వకు."

"ఏం వండమంటావు మరి? మా దగ్గర పప్పులేం లేవు. ఉన్నది ఈ గోంగూరే."

"అదే."

"కారం ఎక్కువ తింటాం మేం. తరవాత నన్నంటే ఊరుకోను" అని, నావైపు తిరిగి, "ఈ పిల్లకి నోరుందా అసలు?" అంది. నేను నవ్వి అమ్మ వెనక్కి జరిగాను.

విందు రోజు ఇత్తడి పళ్ళెం ముందు వరసలో బయలుదేరింది. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఉపదేశిగారు లేచి నిలబడ్డారు. ఈసారి అంచున తెల్లన్నం లేదు. పాకంతా మావైపే చూస్తోంది.

అమ్మ పళ్ళాన్ని కళ్ళకద్దుకుని, తినకుండా పక్కావిడకి అందించింది. "అయ్యగారూ, ఇది తినేవాళ్ళది తప్పని నేననను. నాకు పడదు. తినకపోవడం కులమని మీరన్నారు కాబట్టి, ఒక్కమాట చదివించుకుంటాను. నాకు అక్షరాలు రావు. మా అమ్మాయి చదువుతుంది."

 ఈ మాట అమ్మ నాకు ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ రోజు పాకకే వచ్చేదాన్ని కాదు, అది అమ్మకి తెలుసు.

"సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు కదమ్మా" అన్నారు ఉపదేశిగారు.

నాన్న మగవాళ్ళ వరసలోంచి గొంతెత్తాడు. "మాట్లాడదండీ. మా అమ్మాయి ఇంట్లోనే మాట్లాడదు, ఇక్కడేం మాట్లాడుతుంది? చదవడమే."

పాకలో నవ్వు లేచింది. ఆ నవ్వు మధ్యలో నేను లేచి నిలబడ్డాను. వెంట తెచ్చుకున్న వేదపుస్తకాన్ని రెండు చేతులతో మొహానికి అడ్డంగా పట్టుకున్నాను. పేతురు దర్శనం చదివాను, అతను పరాయి గడప తొక్కినచోటు దాకా చదివాను. పౌలు మాటలు చదివాను. మొదట నా గొంతు నాకే వినపడలేదు. వెనక నుంచి మామ్మ, "గట్టిగా తల్లీ, మాకూ కావాలి" అని అరిచింది. అప్పుడు గట్టిగా చదివాను. నాకు అంత గొంతుందని నాకే తెలియదు.

నేను కూచున్నాక అమ్మ అంది. "నా నోట్లో కులముందని మీరన్నది నిజమే అయ్యగారూ. ఇన్నేళ్ళలో ఆ పేటలో ఒక్క ముద్ద తినలేదు నేను. నన్ను పరీక్ష చెయ్యాలంటే మేక ఎందుకండీ, పెద్దమ్మ కుండ చాలు." అని లేచి, వరసలన్నీ దాటుకుని వెనక్కి నడిచి, మామ్మ పక్కన చాప మీద కూచుంది.

మామ్మ కుండ మూత తీసింది. గోంగూర కలిపిన ముద్ద అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ తింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అది కారానికే. 

"ఉప్పు సరిపోయిందా?" అంది మామ్మ.

"ఇంకో ముద్ద పెట్టు, చెబుతాను" అంది అమ్మ.

వెనక వరసలన్నీ ఒక్కసారి నవ్వాయి. ఆ నవ్వులోంచి మామ్మ ఉపదేశిగారి వైపు తిరిగింది. "అయ్యా, తమరు మా పేటకొచ్చి చెప్పిన మాటలన్నీ మేం తిన్నాం. ఎండలో వచ్చినా మా నీళ్ళు తాగరు, తమ చెంబు తమకుంది. ఈ పూట మా కూర కూడా తినాలి మరి."

ఆయన చేతిలో చెంబు లేదు. గుమ్మం పక్కన పెట్టి ఉంది. దానివైపు ఒకసారి చూశారు.  ఆయన వెళ్ళిపోతారనే అనుకున్నాను. వెళ్ళలేదు. అమ్మ నడిచిన దారినే నడిచి వెళ్ళి కింద కూచున్నారు. చెయ్యి చాపారు. మామ్మ పెట్టిన ముద్దని నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు.

"మాంసం తిన్ననాడు కూడా నాకింత కష్టం కాలేదు" అన్నారు. ఆ మాట ఎవరూ అడగలేదు. దాచుకోవచ్చు. దాచుకోకుండా అందరి ముందూ అన్నారు కాబట్టి ఆయనంటే నాకు అప్పట్నుంచీ గౌరవం.

మామ్మ కుండ వరస వరసా ముందుకు వెళ్ళింది. తరవాత రొట్టె విరిచారు. ఆ రోజు రొట్టె పళ్ళెం వెనక వరసలోంచే బయలుదేరింది, ఉపదేశిగారు అక్కడే కూచుని ఉన్నారు కాబట్టి. అమ్మ ఒక తునక తుంచుకుని మామ్మకి అందించింది. తెల్లచీర కొంగు మీద గోంగూర మరక పడింది. అది తరవాత ఎంత ఉతికినా పూర్తిగా పోలేదు.

అందరూ మెచ్చుకున్నారని రాస్తే అబద్ధం. ముందు వరసలో రెండు కుటుంబాల వాళ్ళు గోంగూర ముట్టకుండా లేచి వెళ్ళారు, చాన్నాళ్ళు పాకకి రాలేదు. షావుకారు పిల్ల ఎంతైనా షావుకారు పిల్లే, తిననని పంతం నెగ్గించుకుందని అన్నవాళ్ళూ ఉన్నారు. అమ్మ ఆ మాట విని, "నెగ్గానుగా" అంది, అంతే. ఇప్పుడు విందు కూర ఒక ఏడు మా వీధిలో, ఒక ఏడు పేటలో వండుతారు. మాంసం తినేవాళ్ళు అది, తిననివాళ్ళు పక్కనున్న ఆకుకూర తింటారు. మా నాన్న రెండూ తింటాడు.

ఉపదేశిగారు మళ్ళీ మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను ఉప్పు చూసిన పులుసు అమ్మ వడ్డించబోతే, కాస్త తటపటాయించి, "పప్పు ఉందా అమ్మా?" అన్నారు. "నాకు నీసు తినడం వచ్చుగానీ, ఇష్టం మాత్రం ఇప్పటికీ లేదు."

అమ్మ గిన్నె మార్చి పప్పు వడ్డించింది. నాన్న సంతోషంగా తన విస్తరి ముందుకు జరుపుకున్నాడు.

ఆ సాయంత్రం అరుగు మీద ఎప్పటిలాగే పుస్తకం తెరిచి, ఎప్పటిలాగే గొంతు తగ్గించి మొదలుపెట్టాను. అమ్మ చేట పక్కన పెట్టేసింది.

"గట్టిగా చదువు" అంది. "వీధిలో వాళ్ళకి కూడా వినపడాలి. నా కూతురు చదువుతోంది."